ఒక్క పదునులో లేచే విత్తనం ఇవ్వండి

రాయలసీమ మెట్ట వేరుశనగకు విత్తనం సేకరించే, పరీక్షించే, పంచే అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ధ్రువీకరించిన వేరుశనగ విత్తనానికి దేశమంతటా ఒకటే కొలత. మొలక 70 శాతానికి తగ్గకూడదు, స్వచ్ఛత 96 శాతం ఉండాలి, తేమ 9 శాతం మించకూడదు. మూడూ సరిపోతే నీలం ట్యాగు పడుతుంది, సంచి గోదాము గడప దాటుతుంది. కాగితం మీద ఎక్కడా తప్పు దొరకదు. అదే సంచి అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల ఇసుకపాలు ఎక్కువున్న ఎర్ర గరప నేలల్లో పడ్డాక ఒక చేలో సాలు సాలంతా లేస్తుంది, గట్టు అవతలి చేలో బారెడుకొక మొక్క కనిపిస్తుంది. ఇద్దరూ ఒకే వానకు విత్తినవాళ్లే. అయినా అందరం వాన మీదికే నెట్టేస్తాం. వాన పాలు కొంత ఉంది, కాదనం. మిగతా పాలు విత్తనంలోనే ఉంది. ఈసారి సేకరణ మొదలుకాకముందే దాన్ని సరిదిద్దే వీలుంది కాబట్టి ఈ లేఖ రాస్తున్నాం.

ఆ 70 ఎలా వస్తుందో మీకు తెలియంది కాదు. 400 గింజలు, నూరేసి చొప్పున నాలుగు వంతులు. తడి ఇసుకలోనో మొలక కాగితం చుట్టలోనో పెట్టి అయిదో రోజు ఒకసారి, పదో రోజు ఒకసారి లెక్కపెడతారు. ఆ పది రోజులూ తడి ఆరదు, వేడి హద్దు దాటదు, ఇసుక పొర గట్టిపడదు. పదో రోజు ఉదయం బద్ధకంగా తల ఎత్తిన మొలక కూడా లెక్కలోకి వస్తుంది.

పొలంలో ఆ పది రోజులు ఎక్కడివి? గరప నేలలో 20 నుంచి 25 మిల్లీమీటర్ల వాన పడితేనే పదును, అంటే విత్తడానికి చాలినంత తడి, వస్తుంది. అప్పుడే రైతు గొర్రు కడతాడు. 20 మిల్లీమీటర్ల వాన ఎండిన ఎర్ర నేలను అర అడుగు లోతుకు తడుపుతుంది, అంతే. విత్తనం పడేది 5 సెంటీమీటర్ల లోతున. జూలైలో ఈ ప్రాంతపు గాలి ఎలా ఉంటుందో రామగిరి గుట్టల మీద గాలిమరలు పెట్టినవాళ్లకు బాగా తెలుసు. ఆ గాలికి, మధ్యమధ్య కాసే ఎండకు, అయిదారు రోజుల్లో పైన రెండంగుళాలు పొడిబారిపోతుంది. ఈలోగా తల్లివేరు బెత్తెడు దిగిన మొక్క కింది తడిని అందుకుని బతుకుతుంది. అప్పుడే పగిలిన గింజ ఆ పొడి మట్టిలోనే ఎండిపోతుంది. పగిలి ఎండిన గింజకు మళ్లీ వాన పడినా ప్రాణం రాదు. పగలనిదానికైనా కాస్త ఆశ ఉంటుంది.

రెండు లాట్లు, అంటే ఒక్కటిగా కట్టి పరీక్షించిన రెండు విత్తన రాశులు, ఉన్నాయనుకుందాం. రెండింటి మొలకా 76 శాతమే. మొదటిదానిలో అయిదో రోజుకే 70 లేచాయి. రెండోదానిలో అయిదో రోజుకు 45, మిగతా 31 ఎనిమిదో రోజుకో తొమ్మిదో రోజుకో. మీ రిజిస్టరులో రెండూ ఒకటే, చేలో మాత్రం రెండోది సగం పంట. అయిదో రోజు లెక్క మీ ప్రయోగశాలలు ఎలాగూ తీస్తున్నాయి, రాసి పెట్టుకుంటున్నాయి కూడా. దాన్ని సంచి దాకా రానివ్వడం లేదు. మా మొదటి కోరిక ఇదే: అయిదో రోజు లెక్క, పదో రోజు లెక్క రెండూ లేబుల్ మీద వేయండి. ‘కనీసం 70’ అని అచ్చు వేయడం కాదు, ఆ లాటుకు నిజంగా వచ్చిన అంకె.

ఆ అంకె తెలిస్తే రైతుకు ఏం ఒరుగుతుందంటే, లెక్క కట్టుకుంటాడు. సాలుకూ సాలుకూ 30, మొక్కకూ మొక్కకూ 10 సెంటీమీటర్లు పెడితే ఎకరాకు సుమారు 1.35 లక్షల మొక్కలు. నూరు గింజలు 40 గ్రాములు తూగే రకమైతే, గింజ గింజా మొలిస్తే 54 కిలోలు చాలు. మొలక 90 శాతమైతే 60 కిలోలు. మొలక 70 అయితే 77 కిలోలు. మీరిచ్చేది కాయలు, 30 కిలోల సంచి. వలిస్తే 21 కిలోల పప్పు వస్తుంది, అందులో నొక్కులు, పలుకులు, ముడతలు ఏరేస్తే 18 మిగిలితే గొప్ప. అంటే మంచి లాటుకు మూడు సంచులు దాటితే సరిపోయే చోట, బొటాబొటి లాటుకు నాలుగు దాటాలి. ఎకరాకు ఒక సంచి తేడా. ఆ సంచి ఖరీదు సబ్సిడీలో ఎవరూ లెక్కవేయడం లేదు. పైగా సంచులు ఇన్నే అని పరిమితి ఉన్నచోట రైతు కొనడు, ఉన్నదాన్నే పలచగా విత్తుతాడు.

ఇక లాటు లోపలి సంగతి. ఇసుక ట్రేలో పెట్టిన గింజను రెండో రోజు తీసి చూడండి. మంచి గింజ తడి తాగి తన బరువుకు మూడో వంతు పైగా బరువెక్కి, పొర బిగుసుకుని, కొస దగ్గర తెల్లగా, బొద్దుగా వేరు ముక్కు పొడుచుకొస్తుంది. పట్టుకుంటే గట్టిగా ఉంటుంది. చెడ్డదానిలో మూడు రకాలు కనిపిస్తాయి. మొదటిది, ముక్కు గోధుమరంగు తిరిగి మొద్దుబారి ఉంటుంది. వేరుశనగలో వేరు మొలక గింజ కొసన, పలచటి పొరకు ఆనుకునే ఉంటుంది. వలిచే యంత్రంలో గింజ జల్లెడకు కొట్టుకున్నప్పుడు దెబ్బ తగిలేది అక్కడే. చూడ్డానికి గింజ నిండుగా ఉంటుంది, ముక్కు చచ్చి ఉంటుంది. రెండోది, గింజను రెండు బద్దలుగా విప్పితే నడిమి మొలక నల్లబడి కనిపిస్తుంది. అది కాల్షియం చాలని చేను గింజ. మూడోది, గింజ మీద బొగ్గుపొడి లాంటి బూజు. మొదలుకుళ్లు తెచ్చే శిలీంద్రం అది, మొలిచినా పదిహేను రోజుల్లో మొక్క వాలిపోతుంది. ఈ మూడూ వేరువేరు చోట్ల జరిగిన తప్పులు. యంత్రం దగ్గర ఒకటి, విత్తనోత్పత్తి చేలో ఒకటి, నిల్వలోనూ శుద్ధిలోనూ ఒకటి. ఫెయిలయిన లాటును తిప్పి పంపేటప్పుడు ‘మొలక తక్కువ’ అని ఒక ముక్క రాసి ఊరుకోకుండా ఏ రకం తప్పో రాస్తే, వచ్చే ఏడాది ఆ తప్పు జరిగిన చోటే దిద్దుకోవచ్చు.

విత్తనం వయసు గురించి. వేరుశనగ గింజలో దాదాపు సగం నూనె. పొర ఉల్లిపొరంత. తేమా వేడీ తగిలితే నూనె చెడుతుంది, దానితో పాటు మొలక శక్తీ పోతుంది. నిబంధన ప్రకారం పరీక్ష తేదీ నుంచి చెల్లుబాటు 9 నెలలు, మళ్లీ పరీక్షిస్తే ఇంకో 6 నెలలు పొడిగించవచ్చు. వరికి అది పర్వాలేదు గానీ, చెనక్కాయకు ఆ పొడిగింపు దండగ. మెట్ట పొలానికి పోయే సంచికి ఆ వెసులుబాటు వాడకండి.

రబీలో నీటి కింద పండిన కాయ మార్చి, ఏప్రిల్‌లో చేతికొస్తుంది కాబట్టి ఖరీఫ్‌కు అదే మేలు, నిజమే. అందులో ఒక మెలిక ఉంది. ఏప్రిల్ ఎండలో పీకిన కాయను సిమెంటు కళ్లంలో పలచగా పరిచి మూడు రోజుల్లో ఎండబెట్టేస్తారు. కాయ గలగలమంటుంది, తేమ మీటరు 8 చూపిస్తుంది, బేరం కుదురుతుంది. మధ్యాహ్నం ఆ కళ్లం మీద అరికాలు ఆనదు. అంత వేడిలో గింజ ఎండడమే కాదు, వేగుతుంది. అప్పటికప్పుడు మొలక పరీక్ష పెడితే పాసవుతుంది కూడా. రెండు నెలలు నిల్వ ఉంచాక దిగజారుతుంది. మొక్కలను కట్టలు కట్టి కాయలు లోపలికి, ఆకు ఎండ వైపుకు ఉండేలా వామి వేసి ఆరబెట్టిన కాయకూ, కళ్లం మీద వేగిన కాయకూ జూన్‌లో మొలక చూస్తే తేడా తెలిసిపోతుంది. సేకరణ ఒప్పందంలో ‘నీడన గానీ, మొక్కతోనే వామి వేసి గానీ ఆరబెట్టాలి’ అన్న మాట రాయించండి, కళ్లాల దగ్గరికి మనిషిని పంపండి. ఏప్రిల్ పరీక్షతో సరిపెట్టక, పంచే ముందు మే చివర మరోసారి మొలక చూడండి.

గోదాము సంగతి క్లుప్తంగా. కాయల్లోనే నిల్వ ఉంచాలి, విత్తే వారం ముందే వలవాలి. చెక్కల మీద, గోడకు ఎడంగా, పది సంచుల ఎత్తు మించకుండా. యూరియా బస్తాలున్న గదిలో వద్దే వద్దు. పాత చింతపండు, చింతగింజలు నిల్వ చేసిన చోటా వద్దు, కాయను తొలిచే పెంకుపురుగు చింతకాయలో కూడా బతుకుతుంది.

ఇప్పుడు తేదీలు. అనంతపురం వైపు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అందులో పెద్ద వాటా సెప్టెంబరుది. పునర్వసు కార్తెలో, అంటే జూలై మొదటి పక్షంలో విత్తిన చేనుకు 60వ రోజు నుంచి 90వ రోజు దాకా, కాయ ఊరే కాలం, సరిగ్గా సెప్టెంబరు వానల మీద పడుతుంది. మృగశిర తొందరలో విత్తితే, పూత నుంచి ఊడలు మట్టిలోకి దిగే వేళ ఎండు కాలంలో చిక్కుకోవచ్చు. జూలై దాటాక విత్తితే చివర కాయ నిండదు. అంటే వాడుకోదగిన పదునులు ఏడాదికి ఒకటో, రెండో. ఆ పదును పడిన రోజు రైతు ఇంట్లో వలిచిన, శుద్ధి చేసిన విత్తనం సిద్ధంగా ఉండాలి. వాన పడ్డాక రైతు సేవా కేంద్రం ముందు వరస కడితే, సంచి ఇల్లు చేరేసరికి ఒక రోజు, వలవడానికి రెండు రోజులు, ఏరి మందు పట్టించడానికి ఇంకొకటి. నాలుగు రోజుల్లో పదును పోయింది. అప్పుడు రైతు చేసే పని లోతుగా విత్తడం. తడి కోసం 8, 9 సెంటీమీటర్ల కిందికి గొర్రు దించుతాడు. అంత లోతు నుంచి పైకి తోసుకొచ్చే శక్తి బొటాబొటి విత్తనానికి ఉండదు. అందుకే జూన్ 15 లోపు సంచి ఇంట్లో ఉండాలంటున్నాం. ఈ ఒక్క తేదీ తప్పితే పైన చెప్పిన జాగ్రత్తలన్నీ వృథా.

సంచితో పాటు శుద్ధి మందు కూడా ఇవ్వండి, ఎకరా లెక్కన. 60 కిలోల గింజకు మాంకోజెబ్ అయితే కిలోకు 3 గ్రాముల చొప్పున 180 గ్రాములు, లేదంటే టెబుకొనజోల్ 2 డీఎస్ కిలోకు 1 గ్రాము చొప్పున 60 గ్రాములు. వేరుపురుగు, తామరపురుగు ఉన్నచోట ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్‌ఎస్ కిలోకు 2 మిల్లీలీటర్లు. ద్రవ మందు ముందు, నీడన ఆరాక పొడి మందు, విత్తే ముందు నత్రజని పట్టే బ్యాక్టీరియా మందు రైజోబియం. ఎక్కువమంది తప్పు చేసేది నీళ్ల దగ్గర. మందు అన్ని గింజలకూ అంటాలని చెంబెడు నీళ్లు పోసి చేత్తో రుద్దుతారు, పొర ఊడి గింజ బట్టతల అవుతుంది. పొర ఊడిన గింజ మట్టిలో కుళ్లడానికే. పాలిథీన్ పట్టా మీద పోసి, పట్టా అంచులు పట్టుకుని అటూ ఇటూ దొర్లించాలి గానీ చెయ్యి పెట్టకూడదు. కరపత్రంలో ఇంకేం వేసినా వేయకపోయినా ఈ బొమ్మ ఒక్కటి వేయండి.

ట్రాక్టరు గొర్రులు, గింజ విత్తే అనంత ప్లాంటరు వచ్చాక ఇంకో ఇబ్బంది తోడయింది. ప్లాంటరు పళ్లెంలో గుంట ఒక కొలతకు చేసి ఉంటుంది. చిన్నా పెద్దా కలిసిన గింజ పోస్తే ఒకచోట రెండు పడతాయి, ఒకచోట పెద్దది ఇరుక్కుని పగులుతుంది, వెనక నాలుగు గజాలు ఖాళీ. కాయలను పరిమాణం వారీగా జల్లించి సంచి మీద గుర్తు వేయడం మీ శుద్ధి కేంద్రాల్లో కష్టమైన పనేం కాదు.

విత్తనం నానబెట్టి గట్టిపరిచే పద్ధతుల గురించి కొందరు మీకు చెబుతూ ఉంటారు. తమిళనాడులో 0.5 శాతం కాల్షియం క్లోరైడ్ నీటిలో, అంటే లీటరుకు 5 గ్రాములు, ఆరు గంటలు నానబెట్టి, తడి గోనెల మధ్య మగ్గబెట్టి, ముక్కు పొడిచినవాటిని ఏరి ఆరబెట్టి విత్తుతారు. పద్ధతి మంచిదే, ఓపికగా చేసుకునే చిన్న కమతానికి. పదెకరాలకు ఆరు క్వింటాళ్ల గింజ నానబెట్టి ఆరబెట్టేలోగా పదును పోతుంది, ఆరబెట్టడంలో పొర పోతుంది. దీన్ని ప్రచారంలో పెట్టకండి.

ఇక బెట్ట, అంటే వానలు ఆగిపోయే ఎండు కాలం, సంగతి. బెట్టకు తట్టుకునే రకం అన్న మాట కింద మూడు వేరువేరు గుణాలున్నాయి. తొందరగా కోతకొచ్చి చివరి బెట్టను తప్పించుకునేది ఒకటి. మధ్యలో ఎండిపోయినా ఆకు ముడుచుకుని నిలిచేది ఒకటి. వాన పడగానే మళ్లీ పుంజుకుని పూత పట్టేది ఒకటి. 1940లలో వచ్చిన టీఎంవీ-2 రకాన్ని ఈ నేల మీద ఇన్ని దశాబ్దాలు రైతు వదలకపోవడానికి కారణం లేకపోలేదు. 90, 95 రోజుల ఐసీజీవీ 91114 మొదటి జాతిది. కదిరి-6 అందరూ అడిగేది. కదిరి-9, కదిరి హరితాంధ్ర, ధరణి బెట్ట కోసమే ఎంచినవి. కదిరి లేపాక్షి కదిరి-6 కన్నా ఎక్కువ రోజులు తీసుకుంటుంది. జూలై మొదటి వారంలో విత్తే మండలానికీ, నెలాఖరున విత్తే మండలానికీ ఒకే రకం లారీ పంపితే ఏ గుణమూ అక్కరకు రాదు. ఆలస్యమయ్యేకొద్దీ తక్కువ రోజుల రకం వెళ్లాలి. ఆగస్టు వచ్చాక చెనక్కాయ వద్దని చెప్పి ఉలవలు, కొర్రలు, కంది పంపాలి. విత్తనం కావాలని ఇండెంటు వేసేటప్పుడే ఈ రెండో విడత కూడా వేసి ఉంచుకోండి.

మొలిచి నిలబడ్డ చేనుకు మొదటి ఇరవై, ఇరవై అయిదు రోజులు వాన లేకపోయినా కంగారు పడక్కర్లేదు. వేరు లోతుకు దిగుతుంది, తర్వాత వాన పడ్డప్పుడు పూత ఒక్కసారిగా వస్తుంది, అది మేలే. ఆ రోజుల్లో ట్యాంకర్లు, నీటిని వానలా చిమ్మే రెయిన్ గన్లు తిప్పి డబ్బు పోగొట్టొద్దు. ఎకరాకు 20 మిల్లీమీటర్ల తడి అంటే 80 వేల లీటర్లు, 5 వేల లీటర్ల ట్యాంకర్లు పదహారు. పది మీటర్ల పొడవు, పది వెడల్పు, రెండున్నర లోతు ఉన్న సేద్యపు కుంట గోడలు నిట్టనిలువుగా ఉన్నాయనుకున్నా 2.5 లక్షల లీటర్లు, మూడెకరాలకు ఒక్క తడి. ఆ ఒక్క తడిని ఊడలు దిగేటప్పుడో, కాయ ఊరేటప్పుడో వాడాలి. 2016 ఆగస్టులో రెయిన్ గన్లతో చేసిన ప్రయత్నంలో అందరికీ ఎదురైన ప్రశ్న నీళ్లు ఎక్కడివన్నదే.

అసలు తిరకాసు ఊడల దగ్గరుంది. మొక్క వేరు కింద రెండడుగుల లోతు తడి తాగుతూ ఆకు పచ్చగా ఉండవచ్చు. కాయ మాత్రం పై మూడంగుళాల మట్టిలో ఉంటుంది. దానికి కావలసిన కాల్షియం వేరు నుంచి రాదు. నీరు ఆకుల వైపు ప్రయాణిస్తుంది, కాల్షియం దానితో పోతుంది, భూమిలో దాక్కున్న కాయ నీటిని ఆవిరి చేయదు కాబట్టి దానికేమీ దక్కదు. కాయ తన చుట్టూ ఉన్న మట్టి నుంచే, తడి ఉంటేనే, పీల్చుకోవాలి. పై పొర పొడిబారిందా, కాల్షియం ఇచ్చే జిప్సం వేసినా కరగదు, కాయ తాలు పోతుంది, నిండిన గింజలోనూ మొలక నల్లబడుతుంది. బెట్ట సంవత్సరపు గింజ మరుసటి ఏడు సరిగా లేవకపోవడానికి ఇదొక పెద్ద కారణం. ఎకరాకు 200 కిలోల జిప్సం ఊడలు దిగే ముందు, రెండో కలుపుతో పాటు సాళ్ల పక్కన వేసి మట్టి కప్పాలి. అంటే 30వ రోజుకే రైతు దగ్గరుండాలి. ఊడలు దిగాక వచ్చిన జిప్సం గట్టు మీద కుప్పగా మిగులుతుంది. మామూలు చేను సంగతి అటుంచి, విత్తనోత్పత్తి చేలకైనా జిప్సం వేసినట్టు తనిఖీ కాగితంలో ఒక గడి పెట్టండి. కోతకు ముందు నెల రోజుల్లో బెట్ట తగిలిన విత్తన చేల కాయను వేరే లాటుగా కట్టి, వేరుగా పరీక్షించండి. చివరి బెట్టలో వేడెక్కిన మట్టిలోనే అఫ్లటాక్సిన్ అనే విషం తెచ్చే బూజు కూడా పడుతుంది, మంచి కాయతో కలిపేస్తే రెండూ చెడతాయి.

వీటిలో కొత్త చట్టం అక్కర్లేదు. 1966 విత్తన చట్టం, 1968 నిబంధనల కింద లేబుల్ మీద లాటు సంఖ్య, పరీక్ష తేదీ, మొలక శాతం ఇప్పటికే ఉండాలి. వాటికి పక్కన పంట కోసిన నెల, అయిదో రోజు లెక్క చేర్చడానికి ఒక ఉత్తర్వు చాలు. ముందుగా ఒక్క మండలంలో, ఒక్క ఖరీఫ్‌కు చేసి చూడండి: ప్రతి లాటు నుంచి నూరు గింజలు రైతు సేవా కేంద్రం ఆవరణలోనే, గరప మట్టి తెచ్చి అందులో విత్తి, 20 మిల్లీమీటర్ల నీరు ఒక్కసారి పోసి, మళ్లీ చుక్క పోయకుండా ఎండలో వదిలేయండి. పదో రోజు లేచిన మొక్కలు లెక్కపెట్టి, ఆ అంకెను లేబుల్ మీది అంకె పక్కన బోర్డు మీద సుద్దముక్కతో రాయండి. మే చివరి వారంలో మొదలుపెడితే జూన్ 10కి రెండు అంకెలూ కళ్ల ముందుంటాయి, సంచులు ఇళ్లకు చేరడానికి ఇంకా అయిదు రోజులుంటాయి.

ఇట్లు,
మెట్ట వేరుశనగ విత్తనంతో పనిచేసే కొందరం